ఇంటి బోర్డుపై ఎంత లోడున్నది? కొలిచి తెలిసికొను విధము

ఒకప్పుడు పల్లెలో ఒక యింటికి కరెంటు వచ్చినదనగా రెండు మూడు దీపములు వెలిగినవని, వీలైనచోట ఒక పంకా తిరిగినదని అర్థము. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించిన నాటికిని, 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన నాటికిని గ్రామమునకు స్తంభములు వేయించి తీగెలు తెప్పించుటయే పంచాయతీల ముందున్న పెద్ద పని. ఆ పని నెరవేరినది. నేడు అదే యింట ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, టెలివిజను, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు గీజరు, బోరు మోటారు, ఇండక్షన్ పొయ్యి చేరినవి. కొన్ని యిండ్లలో ఎ.సి. యంత్రములును చేరినవి. అయితే గోడలలోని తీగెలు మాత్రము అనేక గృహములలో మొదట దీపములకై వేసినవే. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు కూడ పెక్కుచోట్ల నాటి అవసరములను బట్టి నిలిపినదే.

వేసవి రాత్రులలో ఫ్యూజులు పోవుట, దీపములు మసకబారుట, స్విచ్చి బోర్డులు కమురు వాసన వేయుట, ఒక్కొక్కప్పుడు ఇల్లే అంటుకొనుట మనమెరిగినవే. వీనిలో పెక్కింటికి మూలమొక్కటే. తీగె మోయదగినదానికంటె ఎక్కువ విద్యుత్ప్రవాహము దానిగుండ పోవుచున్నది. ఎంత పోవుచున్నదో కంటికి కనబడదు, చెవికి వినబడదు. కొలిచినగాని తెలియదు. ఆ కొలుచుట పెద్ద చదువులు చదివినవారికే చేతనగు పని కాదు. గుణకారము, భాగహారము తెలిసిన ప్రతి పంచాయతీ సభ్యుడును దీనిని గ్రహింపవచ్చును, తన వార్డులోని గృహస్థులకు బోధింపవచ్చును. ఆ విధానమును వివరించుటయే యీ వ్యాసము ఉద్దేశము.

లోడు అనగానేమి?

విద్యుత్తునకు సంబంధించి మూడు మాటలు ముందుగా తెలియవలెను. మేడమీది తొట్టినుండి గొట్టముగుండ నీరు దిగుటను తలచుకొందము. నీటిని నెట్టు ఒత్తిడి వంటిది వోల్టేజి. గొట్టములో ప్రతి క్షణము పారు నీటి పరిమాణము వంటిది కరెంటు. దీనిని ఆంపియర్లలో కొలుతురు. ఈ రెండును కలసి చేయగలిగిన పని యొక్క వేగమే వాట్టులు. మన యిండ్లకు వచ్చు సింగిల్ ఫేజు సరఫరా నిర్ణీత వోల్టేజి 230 వోల్టులు. కావున వాట్టులను 230చే భాగించినచో ఆంపియర్లు సుమారుగా వచ్చును. 1000 వాట్టుల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్లను, 2000 వాట్టుల గీజరు సుమారు 8.7 ఆంపియర్లను తీసికొనును. 9 వాట్టుల ఎల్.ఇ.డి. దీపము తీసికొనునది ఆంపియరులో ఇరువదియైదవ వంతు మాత్రమే.

ఒక క్షణమున ఇంటిలో పనిచేయుచున్న ఉపకరణములన్నియు కలసి తీసికొనుచున్న వాట్టులను, లేదా ఆంపియర్లను, ఆ క్షణపు లోడు అందురు. దీనిని నెలసరి బిల్లులోని యూనిట్లతో కలగాపులగము చేయరాదు. 1000 వాట్టుల ఉపకరణము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్టు ఖర్చగును. 100 వాట్టుల ఉపకరణము పది గంటలు పనిచేసినను అదే యూనిట్టు ఖర్చగును. బిల్లు రెండింటికిని సమానమే. కాని తీగె దృష్టిలో మొదటిది రెండవదానికి పదింతల భారము. "మాకు బిల్లు తక్కువే వచ్చుచున్నది, మా యింటి తీగెలకేమి భయము?" అని కొందరు తలంతురు. అది సరి కాదు. బిల్లు నెల మొత్తమును చెప్పును. తీగెను కాల్చునది ఆ పావుగంటలో పోయిన ప్రవాహము.

బోర్డులో ఏమేమి యుండును?

స్తంభము నుండి సర్వీసు వైరు మొదట మీటరునకు వచ్చును. మీటరు వరకు గల భాగము విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యతలోనిది. దాని సీళ్లను ఎవ్వరును తాకరాదు. మీటరు దాటిన పిదప మెయిన్ స్విచ్చి, దాని వెనుక ఒక పెట్టెలో వరుసగా చిన్న ట్రిప్ స్విచ్చిలు ఉండును. వీనినే ఎం.సి.బి.లందురు. పాత యిండ్లలో వీని స్థానమున పింగాణీ ఫ్యూజు కటౌటులు నేటికిని కలవు. ఒక్కొక్క ఎం.సి.బి. నుండి ఒక్కొక్క శాఖ బయలుదేరును. ఒకటి ముందు గదుల దీపములకు, పంకాలకు, ఒకటి వంటయింటి ప్లగ్గులకు, ఒకటి గీజరునకు, ఒకటి మోటారునకు. ఏ స్విచ్చి ఏ గదికో వ్రాసి పెట్టుకొనని యింట లోడు కొలుచుట చీకటిలో వడ్లు కొలుచుట వంటిది. కనుక మొదటి పని ఒక్కొక్క స్విచ్చిని దించి, ఏవి ఆగినవో చూచి, దానిప్రక్క పేరు వ్రాయుట.

ఎం.సి.బి. ముఖముపై 6, 10, 16, 20, 32 వంటి సంఖ్య యుండును. అది ఆ స్విచ్చి నిరంతరము మోయదగిన ఆంపియర్ల సంఖ్య. దాని లోపల రెండు ఏర్పాట్లు కలవు. మొదటిది రెండు వేరువేరు లోహములను అతికి చేసిన బద్ద. ఎక్కువ ప్రవాహము కొంతసేపు పోయినచో అది వేడెక్కి వంగి స్విచ్చిని విడిపించును. రెండవది తీగెచుట్ట, ఫేజు తీగెయు న్యూట్రలు తీగెయు తగులుకొని ఒక్కసారి మహాప్రవాహము లేచినపుడు అది అయస్కాంతమై క్షణములో స్విచ్చిని దించును.

ఇచట ఒక సంగతి చాలమందికి తెలియదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16 దాటిన మరుక్షణమే దిగదు. గృహములలో వాడు ఎం.సి.బి.లకు విధింపబడిన ప్రమాణము ప్రకారము, తన సంఖ్యకు 1.13 రెట్ల వరకు పోవు ప్రవాహమునకు అది గంట లోపల దిగరాదు, 1.45 రెట్ల ప్రవాహమునకు గంట లోపల తప్పక దిగవలెను. అనగా 16 ఆంపియర్ల స్విచ్చి 18 ఆంపియర్లను గంటసేపు నిశ్శబ్దముగా మోయవచ్చును; 23 ఆంపియర్లకు దిగుటకు సైతము కొంత వ్యవధి తీసికొనవచ్చును. కావున "స్విచ్చి దిగలేదు గనుక లోడు సరిగానే యున్నది" అనుట తగదు. స్విచ్చి కాపలాదారే గాని కొలపాత్ర కాదు.

కొన్ని బోర్డులలో ఆర్.సి.సి.బి. అను మరియొక స్విచ్చి యుండును. అది తీగెనుండి భూమికి, లేదా మనిషి దేహముగుండ భూమికి, ప్రవాహము జారినపుడు దిగి ప్రాణరక్షణ చేయును. గృహములలో సాధారణముగా 30 మిల్లీ ఆంపియర్లకు దిగునది వాడుదురు. అది ప్రాణావసరము. కాని అధిక లోడును అది గుర్తింపదు.

తీగె ఎందుకు కాలును?

తీగెలో ప్రవాహము పోవునపుడు వేడి పుట్టును. ఆ వేడి ప్రవాహముతో సమానముగా కాక, దాని వర్గముతో పెరుగునని జేమ్స్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. అనగా ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలు, మూడింతలైనచో తొమ్మిదింతలు. 8 ఆంపియర్లను చల్లగా మోయుచున్న తీగెలో 16 ఆంపియర్లు పోయినచో పుట్టు వేడి నాలుగు రెట్లు. ఆ వేడికి తీగెపై తొడుగు మెత్తబడి, కొన్ని యేండ్లకు పెళుసై, పగులును. మరలు వదులైన చోట, అల్యూమినియము తీగెను రాగి తీగెతో ముడివేసిన చోట వేడి మరింత కేంద్రీకరించును. అగ్ని పుట్టు చోటులు తరచుగా ఇవియే.

కనుక ఎం.సి.బి. సంఖ్యను నిర్ణయించునది మన అవసరము కాదు, దాని వెనుకనున్న తీగె యొక్క లావు. స్విచ్చి మాటిమాటికి దిగుచున్నదని 16 తీసి 32 పెట్టించువారు, ఫ్యూజు పోవుచున్నదని పింగాణీ కటౌటులో నాలుగైదు పోగుల రాగితీగె చుట్టువారు ప్రతి గ్రామమునను కలరు. అట్లు చేసినపుడు స్విచ్చి దిగుట ఆగును గాని తీగె వేడెక్కుట ఆగదు. కాపలాదారు నోరు మూసి దొంగ రాలేదని సంతసించుట వంటిది అది. స్విచ్చి పెంపవలెనన్నచో ముందు తీగె పెంపవలెను.

మొదటి విధము: కాగితముపై లెక్క

ప్రతి ఉపకరణముపై దాని వాట్టులను తెలుపు చిన్న రేకు గాని చీటీ గాని యుండును. అన్నింటిని వ్రాసికొని కూడినచో ఆ యింటికి తగిలించిన మొత్తము లోడు వచ్చును. ఒక సామాన్య గృహమును దృష్టాంతముగా తీసికొందము.

9 వాట్టుల దీపములు 6: మొత్తము 54 వాట్టులు
20 వాట్టుల ట్యూబులైట్లు 2: మొత్తము 40
75 వాట్టుల పాత రకపు పంకాలు 4: మొత్తము 300
టెలివిజను: 80
ఫ్రిజ్జు: 150
మిక్సీ: 500
ఇస్త్రీపెట్టె: 1000
గీజరు: 2000
ఒక హార్స్‌పవరు బోరు మోటారు: సుమారు 1000

మొత్తము 5124 వాట్టులు. 230చే భాగించిన సుమారు 22 ఆంపియర్లు. అయితే ఇవన్నియు ఒక్కసారి నడువవు. కావున రెండవ మెట్టు, ఏ వేళ ఏవి కలసి నడుచునో విచారించుట. రాత్రి ఎనిమిది గంటలకు దీపములన్నియు, పంకాలు, టెలివిజను, ఫ్రిజ్జు నడుచుచున్నవనుకొన్న 624 వాట్టులు, అనగా 2.7 ఆంపియర్లు. ఉదయము ఆరు గంటలకు గీజరు, మోటారు, మిక్సీ, ఫ్రిజ్జు, రెండు పంకాలు, మూడు దీపములు కలసి నడచిన 3827 వాట్టులు, అనగా సుమారు 16.6 ఆంపియర్లు. రాత్రి ఇల్లంతయు దేదీప్యమానముగా వెలుగుచున్నపుడు లోడు స్వల్పము. తెల్లవారుజామున చీకటిలో అది ఆరింతలు. దీపములను చూచి లోడును ఊహించుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

ఈ యింటివారు 2000 వాట్టుల ఇండక్షన్ పొయ్యిని కొని, దానిని గీజరునకు గల శాఖపైననే తగిలించిరనుకొందము. రెండును కలసి 17.4 ఆంపియర్లు. ఆ శాఖపై నున్నది 16 ఆంపియర్ల స్విచ్చి. పైన చెప్పిన ప్రమాణము ననుసరించి యీ ప్రవాహమునకు స్విచ్చి దిగకపోవచ్చును. గోడలోని తీగె పాతదైనచో ప్రతి ఉదయము అది మితిమీరి వేడెక్కుచునే యుండును; ఇంటివారికి తెలియదు. కాగితముపై ఒక్క కూడిక చేసియున్నచో కొనుటకు ముందే తెలియును.

ఈ లెక్కకు ఒక పరిమితి కలదు. మోటారు, ఫ్రిజ్జు వంటివి తమ వాట్టులను బట్టి రావలసినదానికంటె ఎక్కువ ఆంపియర్లను లాగును. మొదలగునపుడు కొన్ని క్షణములు అనేక రెట్లు లాగును. 1000 వాట్టులు తీసికొను మోటారు 4.3 ఆంపియర్లకు బదులు ఆరు వరకు తీసికొనుట వింత కాదు. కావున లెక్కతో ఆగక కొలుచుట అవసరము.

రెండవ విధము: మీటరును గమనించుట

దీనికి ఏ పరికరమును అక్కరలేదు. సెకనుల ముల్లు గల గడియారము, లేదా చేతి ఫోను చాలును. బోర్డు విప్పనక్కరలేదు గనుక అపాయమును లేదు. నేటి ఎలక్ట్రానిక్ మీటర్లపై ఒక చిన్న ఎర్ర దీపము మెరయుచుండును. ఒక యూనిట్టునకు అది ఎన్ని సార్లు మెరయునో మీటరు ముఖముననే ముద్రింపబడియుండును. 3200 అను సంఖ్య తరచుగా కనబడును. 1600, 6400 కూడ కలవు.

సరిగా ఒక నిమిషములో ఎన్ని మెరపులో లెక్కింపవలెను. 3200 మీటరైనచో ఆ సంఖ్యను 18.75చే గుణించిన వాట్టులు వచ్చును. 1600 మీటరైనచో 37.5చే గుణింపవలెను. నిమిషమునకు 33 మెరపులు వచ్చినచో, 3200 మీటరుపై లోడు సుమారు 619 వాట్టులు. మన దృష్టాంతములోని రాత్రి లోడునకు ఇది సరిపోవుచున్నది. మెరపులు మరీ వేగముగా నున్నపుడు ఇరువది సెకనులు లెక్కించి మూడుచే గుణింపవచ్చును. అనేక మీటర్ల తెరపై ఆ క్షణపు కిలోవాట్టులే అంకెలలో కనబడును. అట్టిచోట లెక్కతో పని లేదు.

ఒక్కొక్క శాఖ లోడును కూడ ఇట్లే తెలిసికొనవచ్చును. అన్నియు నడుచుచుండగా ఒకసారి లెక్కించి, పిదప ఒక ఎం.సి.బి.ని దించి మరల లెక్కింపవలెను. రెండింటికి గల భేదమే ఆ శాఖ లోడు. ఫ్రిజ్జు తనంతట తాను ఆగి నడుచునది గనుక, అది నడుచుచున్నదో లేదో చూచుకొనవలెను. లేనిచో లెక్క తప్పును. చివరకు అన్ని శాఖలను దించినపుడు ఎర్ర దీపము మెరయుట ఆగవలెను. ఆగనిచో ఎక్కడనో ప్రవాహము జారుచున్నదని గాని, బోర్డునకు తెలియని తగులుబాటు ఏదో కలదని గాని గ్రహించి, ఎలక్ట్రీషియనును పిలువవలెను.

మీటరు మరియొక సంగతిని కూడ దాచియుంచును. ఆ బిల్లు కాలములో అత్యధికముగా ఎంత లోడు పడినదో గరిష్ఠ డిమాండు అను పేర తెరపై చూపును. అది ఒక క్షణపు అంకె కాదు. నిర్ణీత వ్యవధిలో, సాధారణముగా అరగంటలో, పడిన లోడు సగటు. ఈ అంకెను సంస్థతో ఒప్పుకొన్న లోడుతో పోల్చి చూచినచో ఇంటి నిజస్థితి తెలియును.

మూడవ విధము: టాంగ్ టెస్టరు

తీగెలో ప్రవాహము పోవునపుడు దానిచుట్టు అయస్కాంత ప్రభావము ఏర్పడునని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ 1820లో కనుగొనెను. టాంగ్ టెస్టరు, అనగా క్లాంపు మీటరు, ఈ సూత్రముపైననే పనిచేయును. దాని దవడలు పట్టుకారు వలె తెరచుకొనును. తీగెను వాని నడుమకు తెచ్చి మూసినచో ఆంపియర్లు తెరపై కనబడును. తీగెను కోయనక్కరలేదు, విప్పనక్కరలేదు, కరెంటు ఆపనక్కరలేదు.

అయితే దీనికై బోర్డు మూత తీయవలెను. లోపల ప్రాణాంతకమైన వోల్టేజి యుండును. కావున ఈ పనిని లైసెన్సు గల వైరింగు కాంట్రాక్టరు గాని, శిక్షణ పొందిన ఎలక్ట్రీషియను గాని చేయవలెను. సభ్యులు దగ్గర నిలిచి అంకెలు వ్రాయించుట చాలును. తడి చేతులతో, తడి నేలపై, పిల్లలు చుట్టు మూగియుండగా ఈ పని జరుగనీయరాదు.

చేయించునపుడు గమనింపవలసిన విషయములు ఇవి. దవడల నడుమ ఒక్క తీగె మాత్రమే యుండవలెను. ఫేజును, న్యూట్రలును కలిపి పట్టినచో పోవు ప్రవాహము, వచ్చు ప్రవాహము పరస్పరము రద్దగును. లోడెంత యున్నను మీటరు సున్న చూపును. టెస్టరు ఎ.సి. ఆంపియర్ల స్థానమున నుండవలెను. మొదట మెయిన్ తీగెను, పిదప ఒక్కొక్క శాఖను కొలువవలెను. ఇంటిలో అధికముగా వాడుక యుండు వేళనే కొలువవలెను. మధ్యాహ్నము ఇంట ఎవ్వరును లేనపుడు కొలిచిన అంకె ఎందులకును పనికిరాదు. ఇంటి కప్పుపై సౌరఫలకములున్నచో, ఎండవేళ మెయిన్ వద్ద కనబడునది ఇంటి నిజమైన లోడు కాదు. సౌరశక్తి కొంత తీర్చగా మిగిలినదో, వెలుపలికి పోవునదో మాత్రమే. అట్టి యింట శాఖలను విడివిడిగా కొలువవలెను.

మూత తీసిన తరుణముననే మరలు వదులైనవేమో, తీగె తొడుగు గోధుమవన్నెకు మారినదేమో, కమిలిన గుర్తులున్నవేమో చూడుమని ఎలక్ట్రీషియనునకు చెప్పవలెను. మరలు బిగించునది మాత్రము మెయిన్ ఆపిన పిదపనే.

వచ్చిన అంకెతో ఏమి చేయవలెను?

కొలిచిన ఆంపియర్లు ఎం.సి.బి. సంఖ్యలో నూటికి ఎనుబది వంతులకు లోబడి యున్నచో ఆ శాఖ సుఖముగా నున్నట్లు. గంటలకొలది నడుచు ఎ.సి., గీజరు వంటి లోడులకు ఈ హద్దు మంచి కొలబద్ద. అమెరికా దేశపు వైరింగు నియమావళి మూడు గంటలకు మించి నడుచు లోడులకు ఈ నిష్పత్తినే విధించుచున్నది. ఈ లెక్కన 16 ఆంపియర్ల శాఖపై 12.8, 20 ఆంపియర్ల శాఖపై 16 దాటకుండుట మేలు. అయితే ఇది తీగె ఆ స్విచ్చికి తగినదైనపుడే. దీపముల శాఖలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె, 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఎ.సి. యంత్రములకు 4 వేయుట నేటి వాడుక. దీపములు, పంకాల శాఖ ఒక్కొక్కదానిపై పది పాయింట్లకు, 800 వాట్టులకు మించరాదను నియమము మన దేశమున చిరకాలముగా పాటింపబడుచున్నది.

హద్దు దాటినచో మార్గములు మూడు. మొదటిది ఖర్చు లేనిది: వేళలు మార్చుట. మన దృష్టాంతములోని ఇంటివారు గీజరు ఆపిన పిదప మోటారు వేసినచో ఉదయపు లోడు 16.6 నుండి 7.9 ఆంపియర్లకు దిగును. గీజరు నడుచు వేళ మోటారు లేకున్న 12.3. రెండవది, పెద్ద ఉపకరణమునకు బోర్డునుండి వేరు తీగె, వేరు ఎం.సి.బి. వేయించుట. మూడవది, ఇంటి మొత్తము లోడే పెరిగినదైనచో సంస్థకు దరఖాస్తు చేసి ఒప్పందపు లోడు పెంచుకొనుట. స్విచ్చి సంఖ్య మాత్రము పెంచుట ఈ మూడింటిలో ఏదియు కాదు.

ఇంటి లోడు, ఊరి ట్రాన్స్‌ఫార్మరు

ఈ విషయము ఒక్కొక్క గృహస్థునితో ముగియదు. పంచాయతీకి దీనితో గల సంబంధము ఇచట నుండియే. 25 కె.వి.ఎ. మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్క ఫేజునకు ఈయగల ప్రవాహము సుమారు 33 ఆంపియర్లు. దానిపై 24 ఇండ్లు, ఫేజునకు ఎనిమిది చొప్పున ఉన్నవనుకొందము. ఒక్కొక్క యింటివారు రాత్రివేళ 4 ఆంపియర్లు వాడినచో మొత్తము 32. ట్రాన్స్‌ఫార్మరునకు సరిగా సరిపోవును. ఆ ఎనిమిదిలో మూడిండ్లవారు ఒక వేసవిలో ఎ.సి.లు కొని, ఒక్కొక్కరు అదనముగా 7 ఆంపియర్లు వాడినచో ఆ ఫేజుపై భారము 53. ఏ యింటి స్విచ్చియు దిగదు. ఎవ్వరి బోర్డును తప్పు చూపదు. కాని ట్రాన్స్‌ఫార్మరు లోపలి నూనె కాగును, కాగితపు తొడుగు క్షీణించును. ఆ తొడుగు వేడి ఆరు డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయుస్సు సగమగునని ఇంజనీర్లు పాటించు స్థూలసూత్రము. అది కాలిపోయిననాడు ఎ.సి. గల మూడిండ్లతోపాటు ఒక్క దీపము గల యిల్లు కూడ చీకటిలో మునుగును. మంచినీటి మోటారు కూడ దానిపైననే యున్నచో ఊరికి నీరు కరవగును.

పంపిణీ సంస్థ ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యమును నిర్ణయించుటకు గృహస్థులు నమోదు చేసికొన్న లోడు ఒక ముఖ్యాధారము. పదిమంది పెంచిన లోడును నమోదు చేయనిచో కాగితముపై ట్రాన్స్‌ఫార్మరు చాలినట్లే కనబడును. రుసుమునకు వెరచి దాచిన లోడు చివరకు వీధివారి అందరి నెత్తిన పడును. తన యింటి అంకెను కొలిచి నిజముగా వ్రాయించుట పొరుగువానికి చేయు మేలు కూడ.

పంచాయతీ చేయదగిన పనులు

మొదట పంచాయతీ కార్యాలయపు బోర్డును, మంచినీటి పథకపు మోటారు బోర్డును కొలిపించి ఆ అంకెలను సమావేశమున చదివి వినిపింపవలెను. అది సభ్యులకు మంచి అభ్యాసము. ఒక మంచి టాంగ్ టెస్టరును పంచాయతీ పక్షమున కొని, గ్రామములోని శిక్షణ పొందిన ఎలక్ట్రీషియనుచే కోరిన గృహస్థుల బోర్డులను కొలిపింపవచ్చును. ముందుగా కొలువవలసినవి పాత వైరింగు గల యిండ్లు, కొత్తగా గీజరు, ఎ.సి. కొన్న యిండ్లు.

ప్రతి యింటికి ఒక చీటీ చేయుట మేలు. అందు శాఖ పేరు, ఎం.సి.బి. సంఖ్య, తీగె లావు, కొలిచిన ఆంపియర్లు, కొలిచిన తేదీ, వేళ వ్రాసి బోర్డు తలుపు లోపలి వైపున అంటింపవలెను. మరుసటి యేడు కొలిచినపుడు పెరుగుదల తెలియును. కొత్త ఉపకరణము కొనునపుడు చోటున్నదో లేదో క్షణములో తేలును.

ఏప్రిల్, మే నెలలలో రాత్రి ఏడు మొదలు పది గంటల మధ్య ట్రాన్స్‌ఫార్మరు మూడు ఫేజులను కొలువవలసినదిగా పంపిణీ సంస్థకు పంచాయతీ తీర్మానముతో వ్రాయవలెను. ఒక ఫేజుపై భారము ఎక్కువగా, మరియొకదానిపై తక్కువగా నున్నచో కొన్ని సర్వీసులను మార్చి సరిచేయుట వారికి సాధ్యమే. ట్రాన్స్‌ఫార్మరు వద్దకు గాని, స్తంభములపైకి గాని గ్రామస్థులెవ్వరును పోరాదు. ఆ పని సంస్థ ఉద్యోగులదే. తీగె తెగుట, నిప్పురవ్వలు రాలుట వంటివి కనబడినచో వెంటనే 1912 నంబరునకు తెలుపవలెను.

ధాన్యమును కొలువక గాదెలో పోయము. నీటిని చూడక కాలువకు గండి కొట్టము. కంటికి కనబడనిదగుటచే విద్యుత్తును మాత్రము కొలువక వాడుచున్నాము. ఒక గడియారము, ఒక కాగితము, ఒక కూడిక చాలును. రాబోవు వేసవికి ముందే ప్రతి సభ్యుడు తన యింటి బోర్డుతో ఆరంభించి, తన వార్డులో పది యిండ్ల బోర్డులకు చీటీలు అంటింపజేసినచో, అది ఆ ఊరి యిండ్లకును, ఆ ఊరి వెలుగునకును పెట్టిన కాపుదల కాగలదు.